మూడు రోజుల హాజరు

(పఠన మందిరంలో పదకొండేళ్ళు అరబ్బీ నేర్పిన మాస్టారి వీడ్కోలు సభలో, ఆయన దగ్గర రెండో మెట్టు చదివిన ఒక ప్రెస్సు కార్మికుడి ప్రసంగం)

ఈ సభకు పెద్దగా కూర్చున్న అధ్యక్షులవారికి, పక్కనే గడియారం వంక చూస్తున్న కార్యదర్శిగారికి, నన్ను భరించిన తోటి విద్యార్థులకు, ముందు వరసలో రెండో కుర్చీలో ఉన్న అమ్మగారికి, అందరికంటే ముందు చెప్పాల్సి ఉండి ధైర్యం చాలక చివరికి దాచుకున్న మా మాస్టారికి, నమస్కారం.

కార్యదర్శిగారు నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ఐదు నిమిషాల్లో ముగిస్తానని మాటిచ్చాను కూడా. ఆ మాట ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నాను. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గాని, మాట వెనక్కి తీసుకోవడం నాకు ఇదే మొదటిసారి, అంత మొండివాణ్ణి. ఇంకో మాట కూడా వెనక్కి తీసుకోవాల్సి ఉంది, దానికోసమే వచ్చాను. కాస్త ఓపిక పట్టండి.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెప్తాను. నేను ప్రెస్సులో పనిచేస్తాను. కాగితాలు అచ్చవుతుంటే పేర్చడం, మడతపెట్టడం, కట్టలు కట్టడం నా పని. బడి చదువు మధ్యలో ఆగిపోయింది. నాకు తెలిసిందంతా మడతపెడుతూ చదివిన కరపత్రాల్లోంచి తెలిసిందే. కార్మికుల హక్కుల మీద, నీళ్ళ మీద, పళ్ళ ఆరోగ్యం మీద, ప్రపంచశాంతి మీద, ఏది అచ్చుకొస్తే అది చదివాను. చదివింది చదివినట్టు నమ్మాను. అందుకే ఈ హాల్లో నా అసలు పేరు ఎవరికీ తెలీదు. రేవులో క్రేను నడుపుతూ మాతోపాటు చదివిన మా క్రేన్ బాబాయి తరగతి మొదటిరోజే "ఏరా కరపత్రం, అలా జరుగు" అన్నాడు, అంతే, ఆ పేరే ఖాయమైపోయింది. బాబాయ్, అలా తల దించుకోకు, నిన్ను తిట్టడానికి రాలేదు ఇవాళ. (నవ్వులు)

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ కాగితం సన్మాన పత్రం. నేనే రాశాను, నేనే ప్రెస్సులో అచ్చువేయించాను, అంచున పూలు కూడా వేయించాను. "జ్ఞానజ్యోతి", "భాషాసేతువు", "నిస్వార్థ సేవాపరాయణులు" అని మొత్తం పందొమ్మిది బిరుదులున్నాయి. ఇది చదివితే ఐదు నిమిషాలు సరిగ్గా సరిపోతుంది. చదవను. మడతపెట్టడం నా వృత్తి కాబట్టి ఇదిగో, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటున్నాను. (ఆగి) మాస్టారు నవ్వుతున్నారు. ఆయన ఇలాంటి చోట నవ్వుతారని నాకు ముందే తెలిసి ఉంటే, రెండో మెట్టులో నా ఆరు నెలలు ఇంకోలా గడిచేవి.

రెండో మెట్టు అంటే ఏమిటో తెలియనివాళ్ళు వెనక వరసల్లో ఉన్నారు. మొదటి మెట్టులో అక్షరాలు. కుడినుంచి ఎడమకు రాయడం, ఒక అక్షరం పక్కదాని చేయి పట్టుకుంటే రూపం మారిపోవడం, చుక్క ఎక్కడుందో చూసుకోవడం. అది గడిచినవాళ్ళు రెండో మెట్టులోకి వస్తారు. ఇది చాలా ప్రమాదకరమైన దశ. బొత్తిగా రానివాడు నోరు మూసుకుంటాడు, బాగా వచ్చినవాడు ఆలోచించి మాట్లాడతాడు, రెండో మెట్టువాడు మాత్రం ఎక్కడ దొరుకుతారా మాట్లాడేద్దామని వీధుల్లో తిరుగుతాడు. బస్సు ఎప్పుడొస్తుందని అరబ్బీలో అడగ్గలడు, ఎదుటివాడు చెప్పిన జవాబు ఒక్క ముక్క అర్థం కాదు, అర్థమైనట్టు తలాడించి వచ్చిన బస్సెక్కేస్తాడు. (నవ్వులు) నేనూ అలాగే ఎక్కాను.

ఆ తరగతి పొద్దున్న ఆరింటికి, వారానికి మూడు రోజులు, ఇదే మేడమీద, కిటికీ తలుపు సరిగా మూసుకోని గదిలో. మేం ఎనిమిది మందిమి. పనికి పోయేముందు వచ్చేవాళ్ళం. మాస్టారు మాకంటే ముందే వచ్చి బల్లలు తుడిచి ఉంచేవారు. గదిలో ఒకే ఒక చిన్న కప్పు ఉండేది, చెవి లేని కప్పు, గుడ్డుని సగానికి కోస్తే ఎంతుంటుందో అంత. కాఫీ పోసే పద్ధతి నేర్పడానికి దాన్ని వాడేవారు. అందులో పోసేది మాత్రం మంచినీళ్ళే. కుడిచేత్తో అందుకోవాలి, తాగాక చాలనుకుంటే కప్పుని అటూ ఇటూ చిన్నగా కదపాలి, కదపకపోతే పోసేవాడు పోస్తూనే ఉంటాడు, అది అక్కడి మర్యాద. ఒకరోజు నేను దేనిమీదో అలిగి కప్పు కదపలేదు. క్రేన్ బాబాయి కూజాతో నిలబడి పదకొండుసార్లు పోశాడు. నేను పదకొండుసార్లూ తాగాను. "ఒరేయ్, చాలని ఒక్క ఊపు ఊపరా, నాకు డ్యూటీ ఉంది" అని ఆయన, "మర్యాదల పేరుతో మనిషిని లొంగదీసుకోలేరు" అని నేను. (పెద్దగా నవ్వులు) చివరికి నేనే మెట్లు దిగి పరుగెత్తాల్సి వచ్చింది, ఎందుకో మీకు తెలుసు.

నవ్వుకున్నాం కదా. ఇక అసలు విషయానికొస్తాను.

మా మాస్టారు హాజరు వేసే తీరు ఇంకెక్కడా చూడలేదు. పేర్లు పిలవరు. వచ్చి కూర్చుంటారు, ఒక్కొక్కరి ముఖంలోకి చూసి "కైఫ హాలక్?" అంటారు. ఎలా ఉన్నావు అని. మనం "అల్‌హమ్దులిల్లాహ్, బాగున్నాను" అంటాం. ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారంటారు. ఆరోగ్యమెలా ఉందంటారు. పనెలా ఉందంటారు. మళ్ళీ మొదటికొచ్చి ఎలా ఉన్నావంటారు. అరబ్బు మనిషి ఇంకో మనిషిని కలిస్తే పని మాట ఎత్తేముందు ఇదంతా అడుగుతాడట, అడిగిందే మళ్ళీ అడుగుతాడట. ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలు. ఎనిమిది మందికి ఇరవై నిమిషాలు. గంట తరగతిలో ఇరవై నిమిషాలు పలకరింపులకే సరి.

అయితే మన జవాబుతో హాజరు పడదు. మనం తిరిగి అడగాలి. "వ అంత?" మరి మీరు? అని. అలా అడిగినవాడికే ఆయన పట్టీలో టిక్కు పెట్టేవారు. మొదటిరోజే స్పష్టంగా చెప్పారు: "గదిలోకి కాళ్ళు రావడం నాకు లెక్కలోకి రాదు నాయనా. ఎదుటివాణ్ణి అడిగినవాడే వచ్చినట్టు." అని చెప్పి, ఎందుకు మళ్ళీమళ్ళీ అడగాలో కూడా చెప్పారు. మొదటిసారి అడిగితే మనిషి మర్యాదకి జవాబు చెప్తాడట, రెండోసారి అడిగితే ఆలోచించి చెప్తాడట, మూడోసారి అడిగేసరికి ఉన్నది చెప్తాడట.

నేను విన్నాను. విని, భూస్వామ్య యుగపు అవశేషం అనుకున్నాను. ఆ మాట ఆ వారమే ఒక కరపత్రంలో చదివి ఉన్నాను, ఎక్కడ వాడదామా అని చూస్తున్నాను. (నవ్వులు) శ్రమజీవులు నిద్ర మానుకుని వస్తే వాళ్ళకి పనికొచ్చే భాష నేర్పాలి, ఒప్పందాలు చదవడం నేర్పాలి, ఫిర్యాదు రాయడం నేర్పాలి, అంతేగాని రోజూ మోకాలి నొప్పులు వింటూ కూర్చోవడమేమిటని నా బాధ. మోకాలంటే గుర్తొచ్చింది, మా క్రేన్ బాబాయి ఆరు నెలల్లో ఇంకేం నేర్చుకున్నాడో లేదో గాని, తన ఎడమ మోకాలి గురించి అరబ్బీలో ఒక కావ్యం చెప్పగలడు. మాస్టారు అంతా వింటారు. "నిన్న మెట్లు దిగేటప్పుడు కూడానా?" అని అడుగుతారు. బాబాయి ఉప్పొంగిపోయి ఇంకో రెండు వాక్యాలు కొత్తవి కట్టేవాడు. ఇప్పుడాలోచిస్తే ఆయనకి భాష ఆ మోకాలి మీదుగానే వచ్చింది. అప్పుడు మాత్రం నేను బల్ల కింద కరపత్రం పెట్టుకుని చదువుకుంటుండేవాణ్ణి. నా వంతు రాగానే తలెత్తకుండా "బాగున్నాను, బాగున్నారు, బాగుంది" అనేసేవాణ్ణి. తిరిగి అడిగేవాణ్ణి కాదు.

ఆరు నెలలు అయిపోయాయి. డెబ్భై ఎనిమిది తరగతులు. నేను జ్వరంతో నాలుగు మానాను, తక్కిన డెబ్భై నాలుగూ వచ్చాను. వానలో వచ్చాను. పట్టీ చూస్తే నా పేరుకి ఎదురుగా మూడు టిక్కులున్నాయి. మూడే. పఠన మందిరం కమిటీ నిబంధన ప్రకారం సగం హాజరు లేనివాడికి సర్టిఫికెట్టు లేదు. ఆ మూడు రోజులూ ఏమిటో తర్వాత లెక్క చూసుకున్నాను. ఒకరోజు సెలవు కావాలి, ఒకరోజు నిఘంటువు ఇంటికి తీసుకెళ్ళాలి, ఇంకోరోజు తరగతి నుంచి త్వరగా పోవాలి. మాస్టారితో పని ఉన్న రోజుల్లో మాత్రమే "మరి మీరు?" అని అడిగానన్నమాట.

ఈ సంగతి ఇవాళ చెప్పడం తేలికే. ఆ రోజు నాకు కనిపించింది అన్యాయం ఒక్కటే. ప్రెస్సులో మిగిలిన పసుపు కాగితం మీద రెండువందల ప్రతులు వేశాను. "వచ్చినవాడు రానివాడా?" అని శీర్షిక. మీలో చాలామంది చదివే ఉంటారు, ఎందుకంటే కింద గేటు దగ్గర నేనే నిలబడి పంచాను. పలకరింపుల తంతు ఆపాలి అన్నాను. వాడుకకు పనికొచ్చే అరబ్బీ ముప్పై రోజుల్లో నేర్పాలి అన్నాను. అక్కడితో ఆగానా? "దిద్దడానికిచ్చిన మా రాతపుస్తకాలు తొమ్మిదేసి రోజులకు గాని తిరిగిరావు, మాస్టారు ఇంట్లో ఏం చేస్తున్నట్టు?" అని కూడా రాశాను.

అమ్మగారూ, ఆ వాక్యం ఎవరో ఒకరు మీకు చదివి వినిపించే ఉంటారు. మాస్టారు మాత్రం చదివి వినిపించి ఉండరు.

మా రాతపుస్తకాలు దిద్దేది మాస్టారి భార్య, ఈ అమ్మగారు. మాస్టారితో పాటు ఆవిడా అరబ్బు దేశాల్లో ఇరవై ఏళ్ళు ఉండి వచ్చారు, ఆవిడ అరబ్బీ ఆయనదానికంటే మంచిదని ఆయనే అంటారు. పోయినేడాది నుంచి ఆవిడకి చూపు తగ్గుతూ వచ్చింది. భూతద్దం పెట్టుకుని, మధ్యాహ్నం ఎండ గదిలోకి వచ్చే రెండు గంటలే దిద్దేవారు, అందుకే తొమ్మిది రోజులు. ఈ సంగతి మా తరగతిలో అందరికీ తెలుసు. క్రేన్ బాబాయికి తెలుసు. నర్సక్కకి తెలుసు. ఎలా తెలుసు? వాళ్ళు రోజూ "మరి మీరు? మరి అమ్మగారు?" అని అడిగారు కాబట్టి, మాస్టారు అదే బల్ల దగ్గర, అదే గదిలో, "ఇవాళ కాస్త నయం", "నిన్న పెద్ద అక్షరాలు కూడా కనపళ్ళేదు" అని అరబ్బీలో చెప్పారు కాబట్టి. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. ఆ మాటలన్నీ నాకు అర్థమయ్యే మాటలే. రెండో మెట్టు మాటలే. ఒక్కటీ వినలేదు. పట్టీలో ఆయన రాసింది అబద్ధం కాదు. ఆ డెబ్భై ఒక్క రోజులూ నేను రాలేదు.

కార్యదర్శిగారూ, గడియారం చూడకండి, ఇంకా ఉంది.

కరపత్రం పంచిన పదో రోజున నర్సక్క ప్రెస్సుకి ఫోను చేసింది. ఆవిడ మాతో పాటు రెండో మెట్టు చదివింది, ఎముకల వార్డులో పగటి డ్యూటీ. ఓడ నుంచి ఒక పెద్దాయన్ని తెచ్చారు, ఇంజను గదిలో నూనెపోసే మనిషి, పాదం మీద గొలుసు పడింది, అరబ్బీ తప్ప ఇంకో మాట రాదు, ఆపరేషనుకి సంతకం పెట్టనంటున్నాడు, వచ్చి మాట్లాడు అంది. నేను ఎగిరి గంతేశాను. కార్మికుడు! గాయపడ్డ కార్మికుడు! ఇన్నాళ్ళకి నా అరబ్బీకి తగిన మనిషి దొరికాడనుకున్నాను. సైకిలు తొక్కుతూ దారంతా వాక్యాలు కట్టుకున్నాను.

మంచం దగ్గరికి పోయి నిలబడే మొదలుపెట్టాను. పేరేమిటి. వయసెంత. ఎప్పుడు తిన్నావు. ఇది ఆపరేషను కాగితం. ఇక్కడ సంతకం పెట్టు. నీ మంచికే. అన్నీ సరైన వాక్యాలే, ఒక్క తప్పు లేదు, ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను. ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి గోడవైపు తిరిగిపోయాడు. నేను గొంతు పెంచాను. నీ హక్కు నీకు తెలియదా అన్నాను. ఆయన దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

నర్సక్క నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. "ఒరేయ్, అది పలకరింపా, పోలీసు విచారణా? మాస్టారికి కబురుపెట్టు, వెంటనే రమ్మను. పెద్ద డాక్టరు ఇవాళే చెయ్యాలంటున్నారు" అంది.

మాస్టారికి కబురా? పదిరోజుల క్రితం ఆయన మీద కరపత్రం వేసినవాణ్ణి. పలకరింపులు పనికిరావని అచ్చులో రాసినవాణ్ణి. ఇప్పుడు వెళ్ళి, నాలుగు నిమిషాల్లో నా అరబ్బీ గోడకి తగిలి రాలిపోయింది, మీరొచ్చి పలకరించండి అని అడగాలా?

"మాస్టారు ఊళ్ళో లేరక్కా" అన్నాను.

అబద్ధం. ఆ పొద్దున్నే ఆయన్ని పాలపొట్లాంతో వీధి మలుపులో చూశాను, చూసి సైకిలు ఇంకో సందులోకి తిప్పాను. "నేను చూసుకుంటా, రేపు మళ్ళీ వస్తా" అన్నాను. మర్నాడు వచ్చాను. ఈసారి కాగితం మీద రాసుకొచ్చి చదివాను. దుప్పటి కదల్లేదు. మూడోరోజు పొద్దున్న నర్సక్క మందుల షాపులో అమ్మగారి చుక్కలమందు కోసం వచ్చిన మాస్టారిని చూసింది. "ఎప్పుడొచ్చారు మాస్టారూ ఊరినుంచి?" అని అడిగింది. "నేనెక్కడికి వెళ్ళానమ్మా?" అన్నారాయన. ఇద్దరూ అక్కడినుంచే ఆసుపత్రికి వచ్చేశారు.

నేను అప్పటికే వార్డులో ఉన్నాను. కాబట్టి చూశాను. మాస్టారు స్టూలు లాక్కుని, మంచం ఎత్తుకి సరిపోయేలా వంగి కూర్చున్నారు. కైఫ హాలక్ అన్నారు. దుప్పట్లోంచి ఏమీ లేదు. ప్రయాణమెలా సాగిందన్నారు. సముద్రం ఎలా ఉందన్నారు. ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారన్నారు. పెద్దపిల్ల ఎలా ఉందన్నారు, అసలు పిల్లలున్నారో లేరో తెలియకుండానే. దుప్పటి కొంచెం దిగింది. మళ్ళీ మొదటికొచ్చి ఎలా ఉన్నావన్నారు. ఆ పెద్దాయన "అల్‌హమ్దులిల్లాహ్" అన్నాడు. మాస్టారు తొందరపడలేదు. ఇంకో చుట్టు అడిగారు. అప్పుడు ఆ మనిషి మాస్టారి చెయ్యి పట్టుకుని, మత్తిస్తే మోకాలిదాకా కోసేస్తారని ఓడలో ఎవరో చెప్పారనీ, కాలు లేనివాణ్ణి ఓడ ఎక్కించుకోదనీ చెప్పి ఏడ్చాడు. కోయరు, ఎముక సర్ది గాయం శుభ్రం చేస్తారంతే అని మాస్టారు డాక్టరుని అడిగి చెప్పారు. ఆయన సంతకం పెట్టాడు. మొత్తం పట్టింది ఇరవై ఐదు నిమిషాలు.

కానీ ఆలస్యమైన ఆ రెండు రోజుల్లోనే గాయం చెడిపోయింది. వేళ్ళూ, పాదంలో ముందుసగమూ తీసేయాల్సి వచ్చింది. పెద్ద డాక్టరు వరండాలో చేతులు తుడుచుకుంటూ "మొదటిరోజే ఒప్పుకుని ఉంటేనా..." అని వాక్యం పూర్తి చేయకుండా వెళ్ళిపోయారు. ఆ వాక్యం నేను ఇప్పటికీ పూర్తిచేసుకుంటూనే ఉన్నాను.

ఆ వరండాలోనే మాస్టారు నా దగ్గరికొచ్చారు. ఊళ్ళో లేరన్న అబద్ధం ఎవరిదో మందుల షాపులోనే ఆయనకి తెలిసిపోయి ఉండాలి. ఏమీ అనలేదు. "కైఫ హాలక్?" అన్నారు. బాగున్నాను అన్నాను. మళ్ళీ "ఎలా ఉన్నావు నాయనా?" అన్నారు, ఈసారి తెలుగులో. బాగున్నాను అన్నాను. మూడోసారి అడగబోతున్నారు, నాకు తెలిసిపోయింది, నోరు తెరిచారు కూడా. ఈలోపు లోపలినుంచి పిలుపొచ్చింది, వెళ్ళిపోయారు. ఆయన మూడోసారి అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణేమో అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. ఆయన అడగకపోయినా చెప్పాల్సింది నేనే కదా అని నర్సక్క అంటుంది. ఆవిడ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. "నా నోటితో చెప్పను. నువ్వే చెప్పు, ఆయన ఊరు వదిలేలోపు చెప్పు" అంది. అక్కా, రేపు పొద్దున్న బస్సుకి ఆయన వెళ్ళిపోతున్నారు. చెప్పాను.

ఇంకొకటుంది. అది కూడా చెప్తే అయిపోతుంది.

ఆ వారమే కమిటీవారు నన్ను పిలిపించారు. బల్లమీద నా పసుపు కాగితం ఉంది. "ఇందులో రాసినదానికి కట్టుబడి ఉన్నావా?" అని అడిగారు. లేను అనడానికి రెండక్షరాలు చాలు. నర్సక్క మాట, డాక్టరు సగం వాక్యం, అన్నీ గుర్తొచ్చాయి. అన్నీ మింగి, "అచ్చేసిన మాట వెనక్కి తీసుకునే అలవాటు లేదు" అని ఛాతీ విరుచుకుని వచ్చేశాను. మర్నాడే నోటీసు పెట్టారు: విద్యార్థుల కోరిక మేరకు రెండో మెట్టు తరగతి రద్దు, ఆ గదిలో రికార్డు చేసిన పాఠాలు వినిపించే ముప్పై రోజుల కోర్సు. విద్యార్థుల కోరిక అట! ఎనిమిది మందిలో ఏడుగురు కోరనిది, ఒక్కడు కోపంలో కోరింది. కార్యదర్శిగారూ, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, మీకు కావలసిన సాకు నేనే అచ్చువేసి చేతికిచ్చాను. ఈ సభ ఆహ్వానపత్రం కూడా నేనే మడతపెట్టాను. "వయోభారం వల్ల స్వచ్ఛందంగా విరమిస్తున్న" అని ఉంది అందులో. ఒక్కొక్క కాగితం మడిచినప్పుడల్లా ఆ "స్వచ్ఛందంగా" మీద నా బొటనవేలు పడింది. నాలుగువందల సార్లు.

అందుకని ఈ సభాముఖంగా చెప్తున్నాను, ఆ కరపత్రం వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకుని లాభం లేదని తెలుసు. మేడమీద బల్లలు నిన్ననే దించేశారు. గోడకి స్పీకర్లు బిగించారు. చెవి లేని ఆ కప్పు ఎక్కడికి పోయిందో అడిగితే ఎవరికీ తెలియదన్నారు.

ఓడ పెద్దాయన్ని విమానంలో ఇంటికి పంపించే ముందురోజు నేను వెళ్ళాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎలా ఉన్నావని అడిగాను, ఇంట్లోవాళ్ళని అడిగాను, పెద్దపిల్లని అడిగాను, మళ్ళీ ఎలా ఉన్నావని అడిగాను. జవాబులు సగమే అర్థమయ్యాయి. అన్నీ అయ్యాక ఆ సగంపాదం మనిషి నా ముఖంలోకి చూసి, "వ అంత?" అన్నాడు. మరి నువ్వు?

నాకు రెండో మెట్టు మాటలన్నీ వచ్చు. ఒక్కటీ పనికిరాలేదు.

అధ్యక్షా, నాకిచ్చిన సమయం ఎప్పుడో అయిపోయింది. ఇంకొక్క రెండు నిమిషాలు మాస్టారితో మాట్లాడి దిగిపోతాను. మాస్టారూ, మీరు లేవకండి, కూర్చునే ఉండండి. నేనే వస్తాను దగ్గరికి.

కైఫ హాలక్, యా ఉస్తాద్?

(మాస్టారు: "అల్‌హమ్దులిల్లాహ్.")

అమ్మగారు ఎలా ఉన్నారు? చూపెలా ఉంది? కొత్త డాక్టరు ఏమన్నారు?

(మాస్టారు: "ఒక కంటికి ఆశ ఉందన్నారు నాయనా. పైనెల చూస్తారట.")

మరి మీరు? మీరెలా ఉన్నారు?

(మాస్టారు: "బాగానే ఉన్నాను.")

మాస్టారూ, ఎలా ఉన్నారు?

(మాస్టారు: "ఇవాళ పొద్దున్న నాలుగున్నరకే లేచాను. స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, చెప్పులు కూడా వేసుకున్నాను. వాకిట్లోకొచ్చాక గుర్తొచ్చింది, తరగతి లేదని. లోపలికి పోతే మీ అమ్మగారు లేచి అడుగుతుందని, కాసేపు అక్కడే నిలబడ్డాను.")

విన్నాను మాస్టారూ.

దీనికి ఏం చెప్పాలో మీరు నేర్పలేదు. నేనూ ఏ కరపత్రంలోనూ చదవలేదు. ఎవరూ చప్పట్లు కొట్టకండి, దయచేసి. ఇంతసేపు నన్ను విన్న పెద్దలకు, తోటివాళ్ళకు, మాట దాచి నాకోసం ఆగిన నర్సక్కకు, కూజా ఎత్తిన బాబాయికి, మా రాతలు వెతుక్కుంటూ దిద్దిన అమ్మగారికి కృతజ్ఞతలు. మాస్టారూ, రేపటి బస్సు ఐదున్నరకి. సామాను ఎత్తడానికి వస్తాను. ఎత్తే ముందు అడుగుతాను, ఎలా ఉన్నారని.

అంతదాకా సెలవు.